కాటమరాన్: పేరు పుట్టుక, అర్థం మారిన తీరు

రెండు సన్నని దేహాలు పక్కపక్కన ఎడంగా నిలిచి, పైన అడ్డదూలాలతోనో వేదికతోనో ఒకటిగా కలిసిన నావను ఇవాళ ప్రపంచమంతా కాటమరాన్ అంటోంది. తెరచాపతో పందేలలో పరుగెత్తే చిన్న పడవ, వందలమందిని దాటించే ఫెర్రీ, నౌకాదళపు సర్వే నౌక, అన్నీ ఈ పేరు కిందికే వస్తాయి. పేరు తమిళంలోని ‘కట్టుమరం’ నుంచి వచ్చిందన్న విషయంలో నిఘంటుకారుల మధ్య తగాదా లేదు. కట్టు అంటే కట్టడమే, మరం అంటే చెట్టు, కర్ర. తగాదా లేని ఈ మాటను ఆధారం చేసుకుని ఒక నమ్మకం మాత్రం బాగా పాతుకుపోయింది. పేరు దక్షిణ భారతానిది కాబట్టి రెండు దేహాల నావ కూడా ఇక్కడే పుట్టిందని, మన తీరం నుంచే అది లోకానికి పాకిందని చాలామంది రాస్తారు, చెబుతారు. ఈ నమ్మకం నిలవదు. పేరు కోరమండల్ తీరానిది. ఆ పేరు మొదట సూచించిన వస్తువు వేరు, ఇప్పుడు సూచిస్తున్న వస్తువు వేరు. రెండింటికీ మధ్య ఉన్నది వంశ సంబంధం కాదు, నావికుల నోట మాట అర్థం జారిన చరిత్ర. ఆ జారుడు ఎలా జరిగిందో చూపే ఆధారాలు మిగిలే ఉన్నాయి.

ముందు అసలు కట్టుమరం ఏమిటో చూడాలి. తెలుగు తీరంలో దీన్ని తెప్ప అంటారు. మూడు నుంచి ఏడు వరకు తేలిక కర్ర దుంగలను చెక్కి, మధ్య దుంగ కాస్త పొడవుగా, అంచు దుంగలు కాస్త ఎత్తుగా ఉండేలా పేర్చి, కొబ్బరి పీచు తాళ్లతో బిగిస్తారు. ముందు కొసలను పైకి లేచేట్టు చెక్కుతారు. ఇందులో లోపల అనేది లేదు. పడవ తేలేది తన లోపల ఉన్న గాలి వల్ల. తెప్ప తేలేది కర్ర స్వభావం వల్ల. అందుకే పడవ నిండితే మునుగుతుంది, తెప్ప నిండడమంటూ ఉండదు. కెరటం పైనుంచి విరుచుకుపడితే దుంగల సందుల్లోంచి నీళ్లు కిందికి జారిపోతాయి. బోర్లాపడితే మత్స్యకారులు దాన్ని తిప్పి మళ్లీ ఎక్కుతారు. ఒడ్డుకు చేరాక తాళ్లు విప్పి దుంగలను విడదీసి ఇసుకలో ఆరబెడతారు. నీళ్లు పీల్చిన కర్ర బరువెక్కి తేలడం తగ్గుతుంది కాబట్టి ఈ విప్పడం, కట్టడం ఆ వస్తువు జీవితంలో భాగం. కట్టు అనే మాట పేరులో ఎందుకుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. సహజ రేవులు అరుదుగా ఉండి, ఒడ్డు పొడవునా కెరటాలు విరిగే తూర్పు తీరానికి ఇది తగిన జవాబు. మద్రాసులో రేవు కట్టక ముందు ఓడలు దూరంగా లంగరు వేసి ఆగితే, ఓడకూ ఒడ్డుకూ మధ్య తిరిగే మసూలా పడవలు కూడా బయటికి రాలేని గాలివానలో ఉత్తరాలు ఓడకు చేర్చింది తెప్ప మీది మనుషులే. నీళ్లు తగలకుండా తలమీది చాప టోపీలో ఉత్తరాలు పెట్టుకుని వాళ్లు కెరటాలను దాటేవారు. ప్రయాణికులతో వచ్చే మసూలా పడవ పక్కనే తెప్పలు నడిచేవి. పడవ తిరగబడితే నీళ్లలో పడినవాళ్లను కాపాడటం వాళ్ల పని.

ఇక రాతపూర్వక సాక్ష్యం. వెనిస్ నగరపు రత్న వ్యాపారి గాస్పారో బాల్బి 1579 నుంచి 1588 వరకు తూర్పు దేశాల్లో తిరిగి, తన యాత్రా వృత్తాంతాన్ని 1590లో అచ్చు వేయించాడు. 1580లలో అతడు శాంతోమ్ దగ్గర, అంటే ఇప్పటి చెన్నైలోని మైలాపూరు తీరాన, చూసిన తెప్పలను వివరంగా వర్ణించాడు. ఏడు గుండ్రటి దుంగలు కలిపి కట్టినవి, అందులో అయిదు అడుగుభాగం, మధ్యది పొడవుగా ముందుకు సాగి నీటిని చీలుస్తుంది, ఇంకొకటి వెనక భాగం, దాని మీద మనిషి కూర్చుంటాడు. వాటి పేరును అతడు ‘గటమెరోని’ అని తన ఇటాలియన్ చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జాన్ ఫ్రయర్ 1673లో కోరమండల్ తీరం వెంట వస్తూ చూసిన కాటమరాన్లను దుంగలు కలిపి కట్టి, మధ్యన ఒక తెరచాప, తిప్పడానికి తెడ్లు ఉన్నవిగా చెప్పాడు. అతడి పుస్తకం 1698లో వచ్చింది. అంతకు ఏడాది ముందు, 1697లో, ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్ తన భూప్రదక్షిణ పుస్తకంలో ఒకటి రెండు దుంగలతో చేసిన కాటమరాన్ల గురించి, వాటి మీద కూర్చున్న మనిషి కాళ్లు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయని రాశాడు. ముగ్గురూ వేర్వేరు వృత్తుల మనుషులు. వందేళ్లకు పైగా ఎడంతో చూశారు. ముగ్గురి వర్ణనలోనూ ఉన్నవి దుంగలే. రెండు దేహాలు లేవు, వాటి మధ్య ఎడం లేదు, పైన వేదిక లేదు. కట్టుమరం అనే పేరుకు ఒకప్పుడు జంట నావ అనే అర్థం కూడా ఉండేదని ఎవరైనా అంటే, ఆ పేరును చెవులారా విని, ఆ వస్తువును కళ్లారా చూసి రాసిన ఈ తొలి సాక్షుల్లో ఒక్కరైనా అలా చెప్పి ఉండాలి.

ఇది తమిళమే ఎందుకు కావాలి, తెలుగు ఎందుకు కాకూడదని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో 1611లోనే దిగింది. మద్రాసు ఇంకా పుట్టలేదు. 1626లో నెల్లూరు తీరాన దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్ కోట వేసుకుంది. కాబట్టి ఇంగ్లీషువాళ్లు తెప్పను ముందు తెలుగు తీరంలోనే చూసి ఉంటారు. ‘కట్టు’ తెలుగులోనూ కట్టే. కానీ రెండో సగం విషయం తేలుస్తుంది. తమిళ, మలయాళాల్లో ‘మరం’, కన్నడంలో ‘మర’ అయిన మాట తెలుగులో మ్రాను, మాను అయింది. తమిళ ఇరండు మనకు రెండు అయినట్టు, ఉరల్ మనకు రోలు అయినట్టు, రకారం ముందుకు జరగడం తెలుగు పాత అలవాటు. ఈ సమాసం తెలుగు నోటి నుంచి ఐరోపావాళ్ల చెవిన పడి ఉంటే అందులో మ్రానో మానో వినిపించాలి. బాల్బి చెవిన పడ్డది మకారం తర్వాత రకారం, మధ్యలో అచ్చు. పైగా అతడు విన్న చోటు పోర్చుగీసువాళ్లు స్థిరపడిన శాంతోమ్. తెలుగు మత్స్యకారుల రోజువారీ మాట తెప్ప. అది తమిళ తెప్పం, కన్నడ తెప్పలకు తోబుట్టువు. దేవుడి తెప్పోత్సవం నుంచి, ఏరు దాటాక తెప్ప తగలేసే సామెత వరకు మన భాషలో వేళ్లూనింది ఆ మాటే. ఐరోపా భాషల్లోకి వెళ్లింది మాత్రం అది కాదు. తమిళ రూపం మొదట పోర్చుగీసు రేవుల ద్వారా తీరమంతా వ్యాపార భాషలో చెలామణి అయి, ఇంగ్లీషువాళ్లు తెలుగు తీరంలోని తెప్పనూ ఆ పేరుతోనే పిలిచారని అనుకోవడం సబబు.

ఇప్పుడు రెండో వస్తువు. రెండు బోలు దేహాలను, రెండు దోనెలు అనుకోవచ్చు, ఎడంగా నిలిపి కలిపే నావను మహాసముద్రాలు దాటే సాధనంగా పెంచినవాళ్లు పసిఫిక్ ద్వీపవాసులు, ముఖ్యంగా పాలినీషియన్లు. పడవ స్థిరంగా నిలవాలంటే అడుగున బరువు వేయాలి, లేదా వెడల్పు పెంచాలి. ఒక్క దేహాన్నే వెడల్పు చేస్తే నీటి అడ్డు పెరిగి వేగం చచ్చిపోతుంది. రెండు సన్నని దేహాల మధ్య ఎడం ఉంచితే బరువు లేకుండానే నిలకడ వస్తుంది, సన్నదనం వల్ల వేగమూ దక్కుతుంది. తెప్పకు ఈ సూత్రంతో సంబంధమే లేదు. తెప్ప తేలడానికి కర్ర గట్టిగా నిండి ఉండాలి, జంట నావ తేలడానికి దేహం బోలుగా ఉండాలి. తెప్పలో దుంగల మధ్య సందు నీరు జారడానికి, జంట నావలో దేహాల మధ్య ఎడం బోల్తా పడకుండా నిలవడానికి. హవాయి, రాపానూయి, న్యూజిలాండు వంటి దూర ద్వీపాలకు మనుషులు చేరింది ఇలాంటి నావల మీదే. వాటికి ఆయా భాషల్లో సొంత పేర్లున్నాయి. హవాయిలో వఆ కౌలువా, మావోరీలో వాకా హౌరువా, ఫిజీలో ద్రువా, టోంగాలో టోంగియాకి, కలియా. ఏ ఒక్క పేరులోనూ కట్టుమరం పోలిక లేదు. 1616లో డచ్చి నావికులు షౌటెన్, లె మేర్ టోంగా దగ్గర జంట నావను ఎదుర్కొన్నారు. 1642–43లో టాస్మాన్ చూశాడు. 1769లో కుక్ తాహితీలో చూశాడు. డాంపియర్ పుస్తకం వచ్చి అప్పటికి డెబ్బై ఏళ్లు దాటింది, కాటమరాన్ అనే మాట ఇంగ్లీషు నావికులకు తెలుసు. అయినా కుక్ వాటిని జంట పడవలనే రాశాడు కానీ కాటమరాన్లు అనలేదు. ఐరోపాలోనూ ఇదే కథ. 1662లో విలియం పెట్టీ డబ్లిన్‌లో రెండు దేహాల ఓడ కట్టించాడు. తర్వాత కట్టిన ‘ఎక్స్‌పెరిమెంట్’ 1665లో తుఫానులో మునిగింది. దాన్ని అందరూ జంట అడుగుల ఓడ అన్నారు. 1662 నాటికీ 1769 నాటికీ వస్తువు ఉంది, మాట ఉంది. రెండూ ఇంకా కలవలేదు.

కలిసిన తీరు మెల్లగా, అడుగడుగునా గుర్తులు వదులుతూ సాగింది. మొదటి అడుగు డాంపియర్‌లోనే ఉంది. అతడు కాటమరాన్ ప్రస్తావన తెచ్చింది దక్షిణ అమెరికా పశ్చిమ తీరపు దుంగ తెప్పల గురించి రాస్తూ, కోరమండల్ తీరంలోనూ ఇలాంటివే ఉన్నాయని పోలుస్తూ. అంటే ఒక తీరపు ప్రత్యేక నామం అప్పుడే జాతి నామం కావడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంగ్లీషు నావికులు ఎక్కడ దుంగలు కట్టి తేలించినా దాన్ని కాటమరాన్ అనడం అలవాటు చేసుకున్నారు. ఓడ పక్కన, రేవు గోడకు ఆనుకుని తేలే పనివేదిక కూడా కాటమరానే అయింది. 1804 అక్టోబరులో బూలోన్ దగ్గర ఫ్రెంచి పడవల మీద ప్రయోగించడానికి రాబర్ట్ ఫుల్టన్ తయారు చేసిన, నీటికి సరిసమంగా తేలే మందుపాతర పెట్టెలను కూడా బ్రిటిష్ నౌకాదళం కాటమరాన్లనే పిలిచింది. వాటికి కోరమండల్ తెప్పతో ఉన్న పోలిక ఒక్కటే, నీటి మట్టం కంటే పెద్దగా పైకి కనిపించకపోవడం. ఇంగ్లీషులో ఈ మాటకు మొదటి అక్షరాలు పిల్లిని గుర్తుచేయడం వల్ల కాబోలు, పందొమ్మిదో శతాబ్దంలో గయ్యాళి ఆడదాన్ని తిట్టే మాటగా కూడా వాడారు. పుట్టింటి అర్థం తెలియని మాట ఎటు లాగితే అటు పోతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అర్థంలో మొదట పోయింది ‘మరం’, మిగిలింది ‘కట్టు’. ఏవైనా రెండు మూడు తేలే వస్తువులను కలిపి కట్టినది అనే విశాలార్థం ఏర్పడ్డాక, రెండు దేహాల నావ అందులోకి రావడానికి అడ్డేమీ లేదు.

చివరి మలుపు అమెరికాలో వచ్చింది. 1876లో అమెరికా స్వాతంత్ర్య శతవార్షిక సందర్భంగా న్యూయార్కులో జరిగిన తెరచాప పడవల పందెంలో నెథానియల్ హెరెషాఫ్ రెండు దేహాల ‘అమరిల్లిస్’తో మిగతా పడవలను దాటి దూసుకుపోయాడు. ఓడినవాళ్లు గొడవ చేస్తే పందెం నుంచి తప్పించారు. మరుసటి ఏడాది అతడు తన నిర్మాణానికి పేటెంటు పొందాడు. ఆ దశాబ్దం నుంచి అమెరికా పడవ క్రీడల లోకంలో జంట నావకు కాటమరాన్ పేరు అంటుకుంది. కానీ అదే కాలంలో భారతదేశంలోని ఇంగ్లీషువాళ్లకు ఆ మాట అర్థం మారలేదు. యూల్, బర్నెల్ కూర్చగా 1886లో వెలువడిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువు కాటమరాన్ అంటే మూడు నాలుగు దుంగలు కలిపి కట్టిన తెప్ప అనే చెప్పింది. అమరిల్లిస్ గెలిచి పదేళ్లయినా జంట నావ అనే అర్థం అందులో లేదు. అంటే ఒకే మాటకు ఒకే కాలంలో, న్యూయార్కులో ఒక అర్థం, మద్రాసులో ఇంకో అర్థం. ఇరవయ్యో శతాబ్దం న్యూయార్కు అర్థాన్ని గెలిపించింది. 1947లో హవాయిలో వుడీ బ్రౌన్ తన సహచరులతో పసిఫిక్ నమూనాల స్ఫూర్తితో ‘మను కై’ కట్టాడు. 1950లలో ఇంగ్లండులో ప్రౌట్ సోదరులు, ఆపైన కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్ చిన్న జంట నావలను ఇంటింటి క్రీడా వస్తువు చేశారు. 1976 నుంచి 2008 వరకు టోర్నడో తరగతి ఒలింపిక్స్‌లో ఉంది. ఈలోగా 1940లలో మూడు దేహాల పడవకు ట్రైమరాన్ అనే పేరు పుట్టింది. దాన్ని కల్పించిన విక్టర్ చెచెట్, కాటమరాన్‌లో మొదటి భాగాన్ని తీసి ‘మూడు’ అనే ముక్కను అతికించాడు. కట్టు అనే క్రియ రెండు అనే సంఖ్యలా, మరం అనే చెట్టు పడవ దేహంలా తయారైంది. ఇప్పుడు అయిదు దేహాల ఓడను పెంటామరాన్ అంటున్నారు. తమిళం తెలిసినవాడికి అది అయిదు చెట్లు.

ఈ వాదం మీద గట్టి ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. దక్షిణ భారతంలో జంట నావ లేనేలేదా అన్నది ఆ ప్రశ్న. ఉంది, బహుశా చాలా పాతది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో పేరు తెలియని గ్రీకు వర్తకుడొకడు రాసిన ‘ఎరిథ్రియన్ సముద్ర పెరిప్లస్’ కోరమండల్ తీరంలోని కమర, పొదుకె, సోపత్మ రేవుల్లో ‘సంగర’ అనే నావల గురించి చెబుతుంది. పొదుకె పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు అని చాలామంది గుర్తిస్తారు. ఒంటిమాను పడవలను పెద్దవి తీసుకుని కలిపి బిగించినవి ఈ సంగరలు. గ్రీకులో ఒంటిమాను అనే ఆ మాట సాధారణంగా తొలిచిన దోనెను సూచిస్తుంది కాబట్టి, ఇవి జంట దోనెలే కావచ్చునన్న ఊహకు బలం ఉంది. ఈ పేరును పండితులు సంస్కృత సంఘాటంతో, మలయాళ చంగాడంతో జోడిస్తారు. చంగాడం అంటే తెప్ప అని ఒక అర్థం, రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన దాటింపు నావ అని ఇంకో అర్థం. మన కృష్ణ మీద లారీలను, బండ్లను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చిన బల్లకట్టు కూడా పడవల మీద బల్లలు కట్టిన ఇలాంటి ఏర్పాటే. పేరులో ‘కట్టు’ కూడా ఉంది. కానీ ఈ ఆధారాలన్నీ నా వాదాన్ని పడగొట్టకపోగా నిలబెడుతున్నాయి. జంట పడవలకు ఈ దేశంలో పేర్లు ఉన్నాయి, సంగర, చంగాడం, బల్లకట్టు. కట్టుమరం వాటిలో ఒకటి కాదు. తీరం మనుషులు రెండు వస్తువులను రెండుగానే చూసి, రెండు పేర్లు పెట్టుకున్నారు. కలిపేసింది బయటివాళ్లు.

చంగాడం ప్రయాణం ఇక్కడ చెప్పుకోదగ్గది. పోర్చుగీసువాళ్లు ఆ మాటను జంగాడ అని తమ భాషలోకి తీసుకుని, అట్లాంటిక్ దాటించి బ్రెజిల్ ఈశాన్య తీరంలోని తూపీ ప్రజల దుంగ తెప్పకు తగిలించారు. ఆ తెప్ప అక్కడిదే. పోర్చుగీసువాళ్లు రాకముందే ఉంది, దానికి తూపీ భాషలో సొంత పేరూ ఉంది. ఇవాళ బ్రెజిల్‌లో తెరచాపతో చేపల వేటకు వెళ్లే ఆ నావకు లోకమంతటా జంగాడ అనే పేరు. మలయాళ నామం కాబట్టి బ్రెజిల్ తెప్పను కేరళవాళ్లు కనిపెట్టారని ఎవరూ అనరు. అనకూడదని అందరికీ తెలుసు. కట్టుమరం విషయంలోనూ అదే కొలత పెట్టాలి. కేరళలో జంట పడవ అర్థం కూడా ఉన్న మాట వెళ్లి బ్రెజిల్‌లో ఒట్టి దుంగ తెప్ప మీద వాలింది. కోరమండల్‌లో ఒట్టి దుంగ తెప్పదైన మాట వెళ్లి పసిఫిక్ జంట నావ మీద వాలింది. వలస నావికుల భాషలో పేర్లు వస్తువుల వెంట నడవలేదు, నావికుల జ్ఞాపకాల వెంట నడిచాయి.

మిగిలిన ఆక్షేపణలు ఇంత బరువైనవి కావు. ఉత్తరాంధ్ర, గంజాం తీరాల్లో దుంగలను చీలలతో బిగించి రెండు సగాలుగా తయారు చేసి, సముద్రంలోకి దిగేముందు ఆ రెండింటినీ తాళ్లతో జోడించే తెప్పలున్నాయి. మద్రాసు మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ భారతీయ పడవల మీద 1920లో ప్రచురించిన అధ్యయనంలో వీటిని గమనించాడు. రెండు సగాలున్నాయి కదా, ఇది జంట నావే కదా అంటే కాదు. సగాలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, మధ్య ఎడం లేదు. మోసుకెళ్లడానికి, ఆరబెట్టడానికి వీలుగా విడదీసిన ఒకే తెప్ప అది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీది ఓడను ఎవరైనా సాక్ష్యంగా చూపితే, దానికి ఉన్నవి రెండు తెరచాప కొయ్యలు, రెండు దేహాలు కాదు. ఇక చోళుల మాట. రాజేంద్రచోళుడు 1025లో శ్రీవిజయం మీదికి నౌకాదళాన్ని పంపడం చారిత్రక సత్యం. ఆ దళం జంట దేహాల కాటమరాన్ల మీద వెళ్లిందని, ఆ నావను చూసి పసిఫిక్ వాసులు నేర్చుకున్నారని చెప్పే కథకు శాసనాధారం లేదు. కాలం లెక్క కూడా దానికి ఎదురు నిలుస్తుంది. టోంగా, సమోవాల్లో మనుషులు చోళుల కంటే దాదాపు రెండు వేల ఏళ్ల ముందే స్థిరపడ్డారు. హార్నెల్ స్వయంగా దక్షిణ భారత తీరానికీ ద్వీపాంతర నావికులకూ పాత సంబంధాలున్నాయని వాదించినవాడే. కానీ అతడు చూపిన దిశ తూర్పు నుంచి ఇటువైపు, చూపిన సాక్ష్యం శ్రీలంక ఒరువ వంటి పక్కదుంగ పడవలది. ఆ వాదం నిజమైనా కాకపోయినా కట్టుమరానికి జంట దేహాలు మొలవవు.

మాటలు అర్థం మార్చుకోవడం సహజమే, దీనికింత పట్టింపు ఎందుకని కొందరనవచ్చు. అర్థం మారడం మీద నాకు ఫిర్యాదు లేదు. కాటమరాన్ అంటే ఇవాళ జంట దేహాల నావే. దాన్ని వెనక్కి తిప్పాలనుకోవడం వ్యర్థం. కానీ మారిన అర్థాన్ని పాత కాలం మీద రుద్దితే రెండు అన్యాయాలు జరుగుతాయి. నక్షత్రాలు, అలల వంపులు చదువుతూ భూగోళపు అతిపెద్ద సముద్రాన్ని దాటిన పాలినీషియన్ల సాధనను ఒక పదం సాక్ష్యంతో లాక్కుంటున్నాం. అలాంటి విద్య ఇంకా బతికే ఉందని 1976లో హవాయి నుంచి తాహితీ దాకా ‘హోకులెఆ’ అనే జంట నావను పరికరాలు లేకుండా నడిపి, మైక్రోనీషియా నావికుడు మౌ పియైలుగ్ చూపించాడు. రెండో అన్యాయం మన మత్స్యకారులకు. కెరటాలు విరిగే ఒడ్డున, రేవు లేని చోట, మునగని వాహనం తయారు చేయడం వాళ్లు సాధించిన విజయం. దాన్ని జంట నావకు తొలి మోటు రూపంగా చూపిస్తే, ఆ విజయం ఏమిటో కనిపించకుండా పోతుంది. తెప్ప ఇంకొకదానికి మెట్టు కాదు. తన పనికి తాను పూర్తిగా తగినది.

మాట ఇప్పుడు కొత్త అర్థంతో ఇంటికి వచ్చింది. భారత నౌకాదళంలో 2012లో చేరిన సర్వే నౌక మకర్ కాటమరాన్ నిర్మాణం. 2023లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో పడవలూ అవే. తెలుగు పత్రికలు వీటిని కాటమరాన్ అనే రాస్తాయి, రాయాలి కూడా. అదే సమయంలో తూర్పు తీరంలో కర్ర తెప్ప తరిగిపోతోంది. 1980ల నుంచి ఫైబర్ పడవలు వచ్చాయి, 2004 సునామీ తర్వాత అవి ఇంకా వేగంగా పెరిగాయి. దుంగలు లేవు, కట్టు లేదు, ఇంజను ఉంది. అయినా మన తీరంలో చాలాచోట్ల మత్స్యకారులు వాటిని ఫైబర్ తెప్ప అంటున్నారు. కట్టుమరానికి విదేశాల్లో జరిగినదే తెప్పకు మన కళ్లముందు జరుగుతోంది. వంద ఏళ్ల తర్వాత తెప్ప అంటే ఫైబర్ పడవ అనే అర్థమే మిగిలితే, దాన్ని బట్టి వెనకటి తెప్ప ఎలా ఉండేదో ఊహించబోయేవాళ్లు మళ్లీ ఇదే పొరపాటు చేస్తారు. తెలుగు నిఘంటుకారులు, విజ్ఞాన సర్వస్వాల సంపాదకులు చేయగల పని ఒకటుంది. కాటమరాన్‌కూ తెప్పకూ వేర్వేరు ఆరోపాలు పెట్టాలి. తెప్ప కింద దుంగల పేర్లు, చెక్కే పద్ధతి, కట్టు ముళ్లు, వాడిన కర్ర రకాలు వాడబలిజ, జాలరి, పట్టపు మత్స్యకారుల పల్లెల్లో ఇంకా తెలిసిన పెద్దల నోటి నుంచి రాసుకోవాలి. కర్ర తెప్ప కట్టడం తెలిసిన చేతులు ఏటికేడు తగ్గిపోతున్నాయి కాబట్టి ఆ పని ఇప్పుడే జరగాలి.